నూట ఇరవై ఒక్క పాయింటు నాలుగు గ్రాములు

లిండెన్‌ఫోర్ట్ పట్టణం, మ్యూలెన్ వీధి, పద్నాలుగో నంబరు భవనంలో ఏప్రిల్ ఒకటో తేదీన గంజాయి చట్టం అమల్లోకి వచ్చిందని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. జర్మనీలో మిగతా చోట్ల కూడా అదే రోజున వచ్చింది గానీ, అక్కడ ఏదో నామమాత్రంగా వచ్చింది. మా భవనంలో అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. అందుకు కారణం రెండో అంతస్తులో కాపురముండే వోల్‌ఫ్రామ్ టిమ్మె గారు.

టిమ్మె అంటే మన చెవికి తిమ్మయ్యలా వినిపిస్తుంది. మనిషి మాత్రం ఏ తిమ్మయ్యకూ అందేవాడు కాదు. ముప్పై ఒక్క ఏళ్లు తూనికలు కొలతల శాఖలో తనిఖీదారుగా పనిచేసి రిటైరయ్యాడు. మాంసం కొట్ల కాటాలు, కూరగాయల సంతలో తూకపురాళ్లు, పెట్రోలు బంకుల మీటర్లు ఆయన పేరు వింటేనే సరిగ్గా పనిచేసేవట. నాలుగు గ్రాముల తేడాకు సొంత బావమరిది సాసేజ్ కొట్టులో కాటాకు సీలు వేశాడు. ఆ బావమరిది పంతొమ్మిదేళ్లుగా క్రిస్మస్‌కి రావడం లేదు. టిమ్మె గారు దీన్ని ఇరుపక్షాలకూ సౌకర్యంగా భావిస్తాడు. రోడ్డు మీద కనుచూపు మేర బండి లేకపోయినా ఎర్ర దీపం పడితే ఆగి నిలబడే మనిషి. వానలో కూడా.

ఇక నేను. పేరు గవర్రాజు, ఉద్యోగం సిటీ బస్సుల డిపోలో, నివాసం మూడో అంతస్తు, ఇరవై ఆరేళ్లుగా. ఈ భవన యజమానుల సంఘానికి పదకొండేళ్లుగా మినిట్స్ రాస్తున్నాను. జర్మన్ వ్యాకరణం పుస్తకం కొనుక్కుని నేర్చుకున్నవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే కాబట్టి ఆ గౌరవం నాకు దక్కింది. అందువల్ల కింద రాసినదంతా అధికారికం అనుకోవచ్చు.

టిమ్మె గారి భార్య గెర్లిండె గారు ముప్పై ఆరేళ్లు పట్టణ గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టి బైండు చేసింది. ఇప్పుడు ఆమె వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి వంకర తిరిగాయి. జామ్ సీసా మూత తీయలేదు, చొక్కా గుండీ పెట్టుకోలేదు. నొప్పితో నిద్ర లేదు. ఇంటి డాక్టరు చూసి, కీళ్ల స్పెషలిస్టుకు ఉత్తరం రాశాడు. స్పెషలిస్టు వెంటనే స్పందించి, వచ్చే ఏడాది మార్చి పదకొండున రమ్మన్నాడు. ఇంత దగ్గర తారీఖు దొరికినందుకు భవనంలో అందరం ఆమెను అభినందించాం.

అలాంటి రోజుల్లో చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషీ తన వాడకం కోసం ఇంట్లో మూడు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. గెర్లిండె గారు పేపరు మడిచి భర్త ముందు పెట్టి, "ఏవయ్యా, నేను మూడు మొక్కలు వేసుకుంటున్నా," అంది.

టిమ్మె గారు ఈస్టర్ సెలవులు నాలుగు రోజులూ చట్టం చదివాడు. మరో నాలుగు రోజులు ఫుట్‌నోట్లు చదివాడు. చదివి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి భార్యకు నివేదించాడు.

"మూడు మొక్కలు నీకు వేసుకునే హక్కుంది గెర్లిండె. ఇంట్లో యాభై గ్రాముల దాకా ఎండినది దాచుకోవచ్చు. కానీ ఇంట్లో పండించినది ఇతరులకు ఇవ్వకూడదు. మొక్కలకు ఇతరుల చెయ్యి తగలకుండా భద్రం చెయ్యాలి."

"ఇతరులెవరు? ఇంట్లో ఉండేది మనిద్దరమేగా."

"అదే చెప్తున్నా. భర్త ఇతరుల కిందికి రాడని చట్టంలో ఎక్కడా రాయలేదు. రాయనప్పుడు వస్తాడు."

"నలభై మూడేళ్ల కాపురం చేసి ఇప్పుడు ఇతరుడివయ్యావన్నమాట."

"చట్టరీత్యా," అన్నాడాయన నొచ్చుకుంటూ.

బాల్కనీ మధ్యలో పసుపు రంగు టేపు అంటించి, అవతలి సగం భార్యకు ఇచ్చేశాడు. కోత తర్వాత దాచుకోవడానికి ఒక చిన్న అలమర కొని, తాళం వేసి, రెండు తాళంచెవులూ ఆమె చేతికే ఇచ్చాడు. ఇచ్చినట్టు రసీదు రాయించుకున్నాడు.

రకం ఎంపికలో మాత్రం సలహా ఇవ్వడం నేరం కాదని తేల్చుకుని, తనంతట తాను పూసే ఆటో రకం సిఫారసు చేశాడు. మామూలు గంజాయి మొక్క పగళ్లు పొట్టిబడేదాకా పూత కోసం ఆగుతుంది. ఈ ఆటో రకం సూర్యుణ్ణి పట్టించుకోదు. తన వయసు తాను చూసుకుంటుంది. నాలుగో వారంలో మొగ్గ, పదకొండో వారంలో కోత. ఎండాకాలమైనా, చలికాలమైనా, పైవాళ్లు మెచ్చుకున్నా, తిట్టినా అంతే. "ఇది మొక్క కాదు, పర్మనెంటు ఉద్యోగి," అని టిమ్మె గారు నాతో మెట్ల మీద ఎంతో గౌరవంగా అన్నాడు.

మే నెల మధ్యలో గెర్లిండె గారు మూడు గింజల్ని తడి గుడ్డలో మొలకెత్తించి, నేరుగా పెద్ద కుండీల్లోనే పెట్టింది. ఈ రకాన్ని చిన్న కుండీలోంచి పెద్ద కుండీలోకి మారిస్తే అలుగుతుంది. అలిగిన రోజులు ఆయుష్షులోంచి పోతాయి, తిరిగి రావు. విత్తడం దాకా సుఖంగానే జరిగింది. నీళ్ల దగ్గర చిక్కొచ్చింది. ఆమె నీళ్ల డబ్బా ఎత్తలేదు. ఆయన ఎత్తగలడు గానీ టేపు దాటలేడు. చివరికి ఆమె కాఫీ కప్పుతో వంటింటికీ బాల్కనీకీ తిరగడం మొదలుపెట్టింది. ఆయన టేపు ఇవతల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఆదేశాలు ఇచ్చేవాడు.

"ముందు కుండీ ఎత్తి చూడు. తేలిగ్గా ఉంటేనే నీళ్లు పొయ్యాలని పుస్తకంలో ఉంది."

"కుండీ ఎత్తే చేతులే ఉంటే ఈ మొక్కలెందుకయ్యా నాకు?"

అందుకని ఆమె వేలు మట్టిలో రెండు కణుపుల దాకా దింపి తడి చూసేది. దింపినప్పుడల్లా పళ్లు బిగపట్టేది. ఆయన మొహం అటు తిప్పుకునేవాడు. మట్టి తడి చూడటం పెంపకం కిందికి వస్తుంది కాబట్టి ఆయన వేలు అందుకు పనికిరాదు.

ఇలా కప్పులతో, కొసరి కొసరి పోసిన నీళ్లతోనే ఆ మొక్కలు బాగుపడ్డాయి. ఆటో మొక్కల్ని చంపేది ఆకలి కాదు, అతి గారాబం. దండిగా నీళ్లు, దండిగా ఎరువు వేసి చంపుకునే భాగ్యం ఆమె చేతులకు లేకపోయింది. ఆమె వాటికి పేర్లు కూడా పెట్టింది. వెడల్పుగా, ఆకులతో నిండుగా, గోడ పక్కన నీడలో ఉన్నది డైరెక్టరు. దాని పక్కన ఎప్పుడూ అటే వాలి ఉండేది డిప్యూటీ డైరెక్టరు. రెయిలింగు దగ్గర గాలికీ ఎండకూ నిలబడి, సన్నగా, అందరికంటే ముందు మొగ్గ తొడిగినది గుమస్తా. కొమ్మలు పైకి సాగకుండా పక్కలకు వంచి కట్టాలి. ఇక అల్లలేక ఆమె పక్కన పెట్టేసిన ఊలు ఇంట్లో బోలెడు ఉంది. ఆ ఊలుతో కట్టింది.

జూన్ చివర్లో ఒక రోజు, పట్టపగలే వడగళ్ల వాన. గెర్లిండె గారు ఫిజియోథెరపీకి వెళ్లింది. నేను డిపో నుంచి తడిసి ముద్దై వస్తూ పైకి చూశాను. టిమ్మె గారు బాల్కనీలో ఉన్నాడు. వడగళ్లు ఆయన బట్టతల మీద టపటపా పడుతున్నాయి. ఆయన టేపుకి సరిగ్గా ఇవతల రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, చెయ్యి నిడుపుగా చాచి, పెద్ద నల్ల గొడుగు మొక్కల మీద పట్టుకున్నాడు. నలభై నిమిషాలు అలాగే ఉన్నాడని ఎదురింటివాళ్లు తర్వాత చెప్పారు. భార్య వచ్చి చూసి, తువ్వాలు తెచ్చి తల తుడిచిందట.

"పాదాలు ఇవతలే ఉన్నాయి," అన్నాడాయన వణుకుతూ. "గొడుగు పట్టడం పెంపకం కాదు."

"కాదులే, ముందు లోపలికి రా," అందావిడ.

ఆయనకు పదిరోజులు జలుబు చేసింది. మొక్కలకు ఆకు కూడా చిరగలేదు.

ఎనిమిదో వారంలో వాసన మొదలైంది. మొగ్గలు జిగురు పట్టి, మధ్యాహ్నపు ఎండకు ఆ వాసన బాల్కనీ దాటి, మెట్లు ఎక్కి, మెట్లు దిగి, భవనమంతా పరిశీలించింది. సంఘం అధ్యక్షుడు నోట్‌హోఫ్ గారు, ఇన్సూరెన్సు ఏజెంటుగా రిటైరైన పెద్దమనిషి, సైకిళ్లు పెట్టుకునే సెల్లారులో అత్యవసర సమావేశం పెట్టాడు. ఆయన ప్రసంగాన్ని మినిట్స్‌లోంచి యథాతథంగా ఇస్తున్నాను.

"మిత్రులారా! నేను స్వేచ్ఛకు వ్యతిరేకిని కాను. స్వేచ్ఛ కోసం అవసరమైతే ఉత్తరం కూడా రాస్తాను. కానీ స్వేచ్ఛకు వాసన ఉండకూడదు. ఈ వాసన నా పడకగదిలోకి అనుమతి లేకుండా వచ్చింది. నా భార్య కర్టెన్లలోకి వచ్చింది. నిన్న నా సూపులోకి వచ్చింది. మన తాతలు ఈ భవనాన్ని బాంబుల శిథిలాల్లోంచి తిరిగి కట్టింది ఇందుకేనా? నేనెవరినీ వేలెత్తి చూపడం లేదు. రెండో అంతస్తు, ఎడమవైపు తలుపు అని మాత్రం అంటున్నాను."

చప్పట్లు. టిమ్మె గారు లేచి, వాసనను చట్టం నిషేధించలేదనీ, అయితే కొలవని దాన్ని గురించి తీర్మానం చేయడం తన వృత్తికే అవమానమనీ, కాబట్టి ముందు కొలవాలనీ కోరాడు. ఇది అందరికీ నచ్చింది. ముగ్గురు సభ్యులతో వాసన పరిశీలక కమిటీ ఏర్పడింది. రోజుకు రెండుసార్లు, పదకొండు గంటలకు, అయిదు గంటలకు, టిమ్మె గారి వరండాలో నిలబడి పీల్చి, సున్నా నుంచి పది వరకు మార్కులు వేయాలి.

మొదటి వారం నివేదికల్లో "ఎనిమిది, అసహ్యకరం" అని ఉంది. రెండో వారంలో "ఎనిమిది, అలవాటుపడదగినది". మూడో వారంలో "ఎనిమిది, మరింత దగ్గర నుంచి పరిశీలించవలసి ఉంది". ముగ్గురు చాలడం లేదని కమిటీని ఏడుగురికి పెంచారు. నిలబడి పీలిస్తే ఖచ్చితత్వం రాదని మడత కుర్చీలు తెచ్చుకున్నారు. మా భవనంలోనే పియానో నేర్పే శ్రీమతి క్లాసెన్ ఆలుబుఖారా కేకు తెచ్చేది. గెర్లిండె గారు కాఫీ పోయడానికి లేస్తే, "మీరు కూర్చోండి, మేం పోసుకుంటాం," అని ఎవరో ఒకరు కెటిల్ అందుకునేవారు. చేతులు పాడైన ఈ నాలుగేళ్లలో ఆ ఇంటికి ఇంతమంది రావడం అదే మొదటిసారి. నోట్‌హోఫ్ గారైతే పదకొండు గంటల పరిశీలనకు పదింపావుకే వచ్చేవాడు.

ఒక్కొక్కరే, ఒంటరిగా దొరికినప్పుడు, తమ ఆరోగ్య సమస్యలు కూడా ఆమె చెవిన వేశారు. నోట్‌హోఫ్ గారికి వెన్ను. క్లాసెన్‌కి తలనొప్పి. నాకు కుడి భుజం. ఇరవై ఆరేళ్లుగా బస్సుల కింద పడుకుని రెంచి తిప్పిన భుజం అది, అబద్ధం కాదు.

"ఇవ్వాలనే ఉంది గవర్రాజు గారూ," అంది గెర్లిండె గారు. "కానీ ఇచ్చానంటే మా ఆయన తన మీద తానే కేసు పెట్టుకుంటాడు. మిమ్మల్ని సాక్షిగా పిలుస్తాడు."

ఆగస్టు మొదట్లో పదకొండో వారం నిండింది. ఆమె భూతద్దంతో మొగ్గల మీది జిగురు చుక్కలు చూసింది. పాలరంగు తిరిగి అక్కడక్కడ తేనెరంగు పట్టాయి. కోసి, చీకటి గదిలో తీగకు తలకిందులుగా వేలాడదీసి, కాడ వంచితే పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టింది. మొదటి చిటికెడు వెన్నలో కరిగించి రొట్టె మీద రాసుకుని తిన్న మర్నాడు ఉదయం పదింటికి కూడా ఆమె లేవలేదు. టిమ్మె గారు కంగారుపడి మూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. లేచాక ఆమె తన చొక్కా గుండీలు తానే పెట్టుకుంది. అయిదూ.

ఆ సంతోషంలో టిమ్మె గారు తన జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు చేశాడు. తూచాడు.

డైరెక్టరు దిగుబడి ముప్పై ఒక్క గ్రాములు, అందులో చాలామటుకు కాడ. డిప్యూటీ యాభై రెండు. గుమస్తా ఎనభై ఎనిమిది పాయింటు నాలుగు. మొత్తం నూట డెబ్భై ఒక్క పాయింటు నాలుగు గ్రాములు. చట్టం అనుమతించింది యాభై. మూడు మొక్కలు పెంచుకోమన్న చట్టమే యాభై దాటినది తక్షణం ధ్వంసం చేయమంది. మూడు మొక్కలు యాభై గ్రాములే కాయాలని మొక్కలకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు.

"నూట ఇరవై ఒకటి పాయింటు నాలుగు ఎక్కువుంది," అన్నాడు టిమ్మె గారు నీరసంగా.

"ఎక్కువేంటి? యాభై గ్రాములు డిసెంబరుకి అయిపోతాయి. డాక్టరు చూసేది మార్చిలో. చలికి బాల్కనీలో ఏమీ మొలవదు. చలికాలంలోనే కదా ఈ వేళ్లు నన్ను చంపుకు తినేది?"

"చట్టం..."

"చట్టానికి వేళ్లు లేవయ్యా."

మర్నాడు టోపీ పెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్లాడు. నేను బస్సు పాసుల పని మీద అటే వెళ్తున్నాను కాబట్టి తోడు వెళ్లాను. కౌంటరు దగ్గర కూర్చున్న ఆడ అధికారి మర్యాదగానే మాట్లాడింది.

"ధ్వంసం చెయ్యాలా? చెత్తబుట్టలో పడెయ్యండి సార్."

"చెత్తబుట్టకు ఇతరుల చెయ్యి తగులుతుంది."

"అయితే టాయిలెట్లో వేసి నీళ్లు కొట్టండి."

"మురుగునీటి నిబంధనలు ఒప్పుకోవు. అయిదో పేరా."

"కాల్చెయ్యండి."

"ఆరో అంతస్తు దాకా పొగ పోతుంది. అందరూ పీలుస్తారు. అది పంపిణీ."

ఆమె పెన్ను కింద పెట్టింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "సార్, మీరు చెప్పకపోతే మేం అడగం. ఇంటికెళ్లండి. మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి."

టిమ్మె గారు టోపీ తీసి కౌంటరు మీద పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఎంతమంది కొట్లవాళ్లు ఇదే మాట ఆయనతో అని ఉంటారో. "నేను చెప్పేశాను కదా," అన్నాడు. అన్నాడు కాబట్టి ఆమె దరఖాస్తు తీసుకోవలసి వచ్చింది. తీసుకున్నాక దానికి నంబరు పడింది. నంబరు పడ్డాక అది పర్యావరణ విభాగానికి వెళ్లి, అక్కడి నుంచి పారిశుద్ధ్య విభాగానికి వెళ్లి, తడిసిన కాఫీ పిప్పితో కలిపి తడిచెత్త డబ్బాలో వేయవచ్చుననీ, సాక్షుల సమక్షంలో జరిగితే మంచిదనీ జవాబు వచ్చింది. తక్షణం అనే పని మా పట్టణంలో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ టిమ్మె గారు సరిగా తినలేదు. భార్యతో మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడలేదు.

ఆగస్టు ఆఖరి శనివారం, సాయంత్రం నాలుగింటికి, పెరట్లో ధ్వంస కార్యక్రమం జరిగింది. ఆహ్వానం అక్కర్లేకుండానే అందరూ వచ్చారు. నోట్‌హోఫ్ గారు టై కట్టుకున్నాడు. గెర్లిండె గారు కిందికి రాలేదు. టిమ్మె గారు బల్ల మీద కాటా పెట్టి, మట్టం చూపే నీటిబుడగ మధ్యకు వచ్చేదాకా దాని కాళ్లు సరిచేసి, కాగితం సంచి తెరిచి, నలిపి పొడి చేసిన ఆకుపచ్చ పదార్థాన్ని పళ్లెంలో పోశాడు. నూట ఇరవై ఒకటి పాయింటు నాలుగు. ఏడుగురు కమిటీ సభ్యులూ వంగి అంకె చూశారు. అందరి మొహాల్లో శ్మశానం కళ. నోట్‌హోఫ్ గారు రెండు ముక్కలు మాట్లాడాడు.

"ఈ రోజు చట్టం గెలిచింది. మనం ఓడిపోలేదు. ఎందుకంటే చట్టమంటే మనమే. ఇంత మంచి... ఇంత ప్రమాదకరమైన పదార్థాన్ని మన కళ్ల ముందే..." అక్కడ ఆపి ఆయన టై సరిచేసుకున్నాడు.

టిమ్మె గారు కాఫీ పిప్పి కలిపి, గోధుమరంగు తడిచెత్త డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఆ తర్వాత మాలో ఎవరి మొహం వంకా చూడలేదు. మేమది బాధ అనుకున్నాం.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా మా భవనంలో చప్పుడు చేయకూడని వేళ. మేకు కొట్టకూడదు, తివాచీ దులపకూడదు, పియానో వాయించకూడదు. అందువల్ల పెరట్లోకి ఎవరూ రారు. ఒంటిగంటా ఇరవైకి నేను జాడీ పట్టుకుని దిగాను. డబ్బా దగ్గర నోట్‌హోఫ్ గారు ఉన్నాడు.

"మూత సరిగ్గా పడిందో లేదోనని," అన్నాడు. చేతిలో అన్నం గరిటె ఉంది.

"నేనూ అందుకే వచ్చాను."

"మీ జాడీ?"

"మీ గరిటె?"

ఇద్దరం డబ్బాలోకి చూశాం. సగం పైగా ఖాళీ. ఎవరో చట్టాన్ని గౌరవించే పౌరులు మాకంటే ముందే మూత చూసి వెళ్లారు. ఎవరిదో తలదువ్వెన కూడా అందులో పడి ఉంది. మేం మిగిలినది సమానంగా పంచుకుని, ఒకరి మొహం ఒకరం చూడకుండా పైకి వెళ్లిపోయాం. సోమవారం పొద్దున పారిశుద్ధ్యం బండివాడు తడిచెత్త డబ్బా ఎత్తి, ఆశ్చర్యపోయి, మళ్లీ దించి, అడుగు తట్టి చూశాడు.

తర్వాత ఏమైందో చెప్పడానికి మాటలు చాలవు. భవనమంతా నిద్రపోయింది. నోట్‌హోఫ్ గారు పియానో చప్పుడు మీద ఆరు వారాలు ఫిర్యాదు చేయలేదు. క్లాసెన్ తలనొప్పి పోయిందని, ఏ మందూ వాడకుండానే పోయిందని, అడగకుండానే అందరికీ చెప్పింది. మెట్ల మీద ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. నేను కాఫీ పిప్పి ఏరి పారేసి, మిగిలింది వెన్నలో కాచుకుని తిన్నాను. మూడు రోజుల్లో భుజం నొప్పి తగ్గింది. చెయ్యి తలపైకి లేచింది. డిపోలో అందరికీ లేపి చూపించాను కూడా.

నిద్ర ఎక్కువై ఆ ధ్వంస సమావేశం మినిట్స్ ఆలస్యమైంది. పదకొండేళ్లలో అది మొదటిసారి. సెప్టెంబరు చివర్లో సంతకానికి టిమ్మె గారింటికి పట్టుకెళ్లాను. గెర్లిండె గారు కిటికీ దగ్గర కూర్చుని అల్లుతోంది. వేళ్లు నెమ్మదిగానే కదులుతున్నాయి గానీ కదులుతున్నాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, పెన్ను తీసి, ఒక మాట కొట్టేశాడు.

"ఇది తప్పు. 'నూట ఇరవై ఒకటి పాయింటు నాలుగు గ్రాముల గంజాయి' అని రాశారు. 'మొక్కల పదార్థం' అని రాయండి."

"గంజాయే కదండీ?"

"తూకం నేను చేశాను. తూకానికి నేను పూచీ. సంచిలో ఏముందో మా శాఖ చూడదు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. గెర్లిండె గారు అల్లిక ఆపకుండా, తల ఎత్తకుండా అంది. "హాప్ పూలు, గవర్రాజు గారూ. మందుల షాపులో నిద్రకు కషాయం పెట్టుకోమని అమ్ముతారే, బీరులో వేసే పూలు, అవి. నాలుగు పొట్లాలు తెచ్చి నలిపాడు. రాత్రంతా కూర్చుని తూచాడు, పాయింటు నాలుగు దగ్గర సరిపడక."

"మరి ఆ... అసలు..."

"అలమర తాళంచెవి ఆవిడ దగ్గర ఉంది," అన్నాడు టిమ్మె గారు. ఆయన మొహం చెవుల దాకా ఎర్రబడింది. "నేను ఇతరుణ్ణి. అందులో ఏముందో, ఎంత ఉందో తెలుసుకునే అధికారం చట్టం నాకు ఇవ్వలేదు."

ఆ మాట అని ఆయన కిటికీ వైపు తిరిగి, భార్య ఒళ్లోంచి జారిన ఊలు ఉండ వంగి తీసి ఇచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లు నాలుగు గ్రాములకు సీలు వేసిన మనిషి. ఆ వారం ఆయన ఎర్ర దీపం పడి ఉండగా రోడ్డు దాటాడని కూడా విన్నాను, కానీ నమ్మను.

నేను కిందికి వచ్చేటప్పుడు మెట్ల మీద భుజం మళ్లీ నొప్పి పెట్టింది. ఇంటికి వెళ్లి జాడీలో అడుగున మిగిలిన రెండు చెంచాలు తిన్నాక తగ్గింది. ఏం తింటున్నానో తెలిసే తిన్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం సాధిస్తాం? క్లాసెన్‌కి తలనొప్పి తిరిగి వస్తుంది. నోట్‌హోఫ్ గారు తిరిగి ఫిర్యాదులు మొదలుపెడతాడు. మార్చి పదకొండున స్పెషలిస్టు గెర్లిండె గారి చేతులు చూసి, ఆశ్చర్యపోయి, ఏం వాడుతున్నారని అడిగి, ఆమె చెప్పింది రాసుకోకుండా, వంద మాత్రల డబ్బా రాసిచ్చాడు. రోజూ వేసుకుంటే మానడం కష్టమవుతుందని డబ్బా మీదే అచ్చువేసి ఉంది. మాత్రలకు గ్రాముల పరిమితి లేదు, తాళం అక్కర్లేదు, భర్త తెచ్చివ్వొచ్చు.

ఏప్రిల్‌లో సంఘం వార్షిక సమావేశం జరిగింది. అజెండాలో ఆఖరి అంశం నోట్‌హోఫ్ గారు స్వయంగా చేర్పించాడు. శ్రీమతి టిమ్మె గారు ఈ ఏడాది కూడా చట్టప్రకారం మూడు మొక్కలు పెంచాలనీ, పరిమితికి మించిన దిగుబడిని కిందటేడాది లాగే పెరట్లో, సాక్షుల సమక్షంలో, శనివారం నాడు ధ్వంసం చేయాలనీ సంఘం సవినయంగా కోరుతున్నది. వాసన మీద ఎవరికీ అభ్యంతరం లేదు. తడిచెత్త డబ్బా చిన్నదైపోయిందని, ఇంకొకటి తెప్పించాలని ఎవరో సవరణ ప్రతిపాదించారు. అదీ ఆమోదం పొందింది.

టిమ్మె గారు ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నారని మినిట్స్‌లో రాశాను. మిగిలిన వాళ్లందరం చేతులెత్తాం. నా కుడి చెయ్యి అందరికంటే ఎత్తుగా లేచింది.